మందిరం బయటి బల్ల

లోపల కుర్చీలు లాగుతున్నారు. ఇనుప కాళ్ళు గచ్చు మీద గీరుకుంటూ వెళ్ళి ఎక్కడో ఆగుతున్నాయి, ఆగిన ప్రతిసారీ మా అమ్మాయి గొంతు వినిపిస్తోంది, ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం, ఆ, చాలు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ఎవరూ కూర్చోమనలేదు, కాళ్ళే తెచ్చి కూర్చోబెట్టాయి. ఇన్నేళ్ళుగా ఈ గేటు దాటగానే మా ఆయన మెట్లెక్కి లోపలికి, నేను పక్కకు తిరిగి ఈ బల్ల మీదికి. ఆయన లేకపోయినా నా కాళ్ళకు ఆ మలుపు అలాగే ఉంది. ఎండ ఎదుటి గోడ మీద సగానికి దిగింది. అది నేల తాకేలోపు జనం వస్తారు. ఆయన్ని తలుచుకోవడానికి పెట్టిన ప్రార్థన ఇది. మట్టి చేసిన రోజున వాన, హడావిడి, ఎవరు వచ్చారో ఎవరు వెళ్ళారో తెలియలేదు, అందుకని ఇప్పుడు తీరిగ్గా, కుదురుగా. మందిరం పెద్దాయన నిన్న ఇంటికొచ్చి, టీ తాగి, కప్పు కింద పెట్టి, "మీరు రెండు మాటలు చెప్పాలమ్మా" అన్నాడు. చూద్దాం అన్నాను. ఆసుపత్రిలో నర్సుగా చేసినంత కాలం ఎంతోమందికి చూద్దాం అని చెప్పినదాన్ని, ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలుసు. పెద్దాయనకు తెలియదు పాపం, సంతోషంగా వెళ్ళాడు.

రెండు మాటలు. ఏ రెండు? లోపలికి వచ్చేవాళ్ళకు ఆయన అందరికంటే ముందొచ్చి కిటికీలు తెరిచే మనిషి, ముసలివాళ్ళ చెయ్యి పట్టి మెట్లెక్కించే మనిషి, పాట వచ్చినా రాకపోయినా గట్టిగా పాడే మనిషి. చాలా మంచివాడండీ అంటారు. చనిపోయిన ప్రతివాడూ మంచివాడే, వార్డులో మంచం ఖాళీ అయ్యాక చెడ్డవాడు ఒక్కడూ నాకు కనపడలేదు. మా అబ్బాయి అయితే ఇవాళ పొద్దున అద్దం ముందు నిలబడి కాలరు గుండీ పెట్టుకుంటూ ఒక మాటన్నాడు. నాన్నకి అన్నీ తీరాయమ్మా, ఒక్కటి తప్ప, అన్నాడు. ఏమిటది అని అడిగాను, తెలిసి కూడా. "నీకు తెలుసు" అన్నాడు, నావైపు చూడకుండా. కోపంగా అంటే బాగుండేది. కోపంతో అన్న మాటను దులిపేసుకోవచ్చు. వాడు నెమ్మదిగా, జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పాడు. ఇవాళ ప్రార్థన నడిపించేది వాడే. తండ్రి ముక్కు వచ్చింది వాడికి, తండ్రి అద్దాల కొట్టు వచ్చింది, తండ్రి నమ్మకం వచ్చింది. ఆ బిగువు మాత్రం ఆయనది కాదు. ఎవరిదో చెప్పుకుంటే నాకే సిగ్గు.

నిజమేనా వాడన్నది? ఆ ఒక్కటీ తీరక, లోపల్లోపల అరుగుతూనే బతికాడా ఆయన? పక్కన పడుకున్న నాకు తెలియకుండా?

ఆయన్ని మొదటిసారి చూసింది నిచ్చెన మీద. నర్సుల క్వార్టర్స్‌లో మా గది కిటికీ అద్దం గాలివానకు పగిలిపోయింది, కొత్తది బిగించడానికి కొట్టు నుంచి మనిషి వస్తాడన్నారు. డ్యూటీ దిగి పొద్దున్నే వచ్చి పడుకున్నాను, కళ్ళు మూతపడ్డాయో లేదో పాట మొదలైంది. దేవుడి పాట. రాగానికీ ఆయనకూ చుట్టరికం లేదు, ముఖపరిచయం కూడా లేదు. లేచి కూర్చుని, నిద్రపోయేవాళ్ళు ఉన్నారిక్కడ అన్నాను. క్షమించండి అని నోరు మూశాడు. కాసేపటికి మూసిన నోట్లోంచే మళ్ళీ అదే పాట, చేతులు కదిలితే గొంతు ఊరుకోదనుకుంటాను ఆయనకు. ఇంక నిద్ర ఎలాగూ రాదని లేచి చూస్తూ కూర్చున్నాను. బల్ల మీద దుప్పటి పరిచి అద్దం పెట్టాడు, కత్తికి ఉన్న చిన్న చక్రాన్ని కిరసనాయిలులో ముంచాడు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే ఒక్క గీత గీశాడు. కొత్త గుడ్డ మెల్లగా చింపుతున్నట్టు చప్పుడు. గీత పక్కన రెండు చేతులూ ఆనించి నొక్కితే అద్దం చెప్పినట్టు విడిపోయింది. ఇంకోసారి గీయరా అని అడిగాను, నాకు ఆ గీత కంటికి ఆనలేదు. "రెండోసారి గీస్తే అది దానిష్టం వచ్చినట్టు పగులుతుందండీ" అన్నాడు. మర్నాడు వచ్చి అద్దం కదలకుండా అంచున పూసిన మెత్త ఆరిందో లేదో చూసుకుపోయాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఆ మెత్తకు అన్ని తనిఖీలు అక్కర్లేదని పెళ్ళయ్యాక గానీ నాకు తెలియలేదు.

పెళ్ళికి ముందే చెప్పేశాను, క్వార్టర్స్ గేటు దగ్గర నిలబెట్టి. నాకు దేవుడి మీద నమ్మకం లేదు, వస్తుందని కూడా అనుకోను, పిల్లల వార్డులో పనిచేస్తున్నాను, ప్రార్థించే తల్లుల బిడ్డలూ ప్రార్థించని తల్లుల బిడ్డలూ ఒకేలా కోలుకోవడం, ఒకేలా పోవడం రోజూ చూస్తున్నాను, మీరు పొద్దున లేస్తూ ఆయన పేరు, పడుకుంటూ ఆయన పేరు, మనిద్దరికీ ఎలా కుదురుతుంది? ఆయన జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు, మురికి లేకపోయినా. చాలాసేపు తుడుచుకున్నాడు. "నాకు ఆకలేస్తుంది, మీకు వెయ్యదు. ఒకే బల్ల దగ్గర కూర్చోడానికి ఇబ్బందేముంది?" అన్నాడు. ఇదెక్కడి తర్కమని ఇంటికొచ్చాక అనిపించింది. అప్పుడు మాత్రం నవ్వొచ్చింది, నవ్వాక ఇంక కాదనడం ఎలా?

అమ్మాయి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. లోపల ఫ్యాన్ కింద కూర్చోవచ్చుగా అమ్మా అంది. ఇక్కడ గాలి బాగుంది అన్నాను.

"గాలెక్కడుంది?"

"వస్తుంది."

"నాన్న కూడా ఇలాగే వాదించేవాడు నాతో" అని నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఖాళీ గ్లాసు పట్టుకుపోయింది. దాని జడ నడుముకు కొట్టుకుంటోంది. ఆ జడ అల్లడం దానికి నేర్పింది ఆయనే. నాకు పొద్దుటి డ్యూటీ పడ్డ వారాల్లో దాని తల ఆయన చేతికి వచ్చేది. పళ్ళ మధ్య రిబ్బను, మోకాళ్ళ మధ్య పిల్ల, కదిలావంటే వంకర వస్తుందే తల్లీ అంటూ, అద్దానికి కొలత వేసినంత జాగ్రత్తగా పాపిట తీసేవాడు. బడిలో టీచరు మీ అమ్మ బాగా వేస్తుందే జడలు అందట. ఇది ఊరుకోకుండా, మా అమ్మకి రాదు, మా నాన్న వేస్తాడు అని చెప్పొచ్చింది. సాయంత్రం ఆ సంగతి విని ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వీధిలో అందరికీ అద్దాలాయన, మా ఇంట్లో జడలాయన. కొట్టు నుంచి ఆయన ఏనాడూ ముందు గుమ్మంలోంచి లోపలికి రాలేదు. పెరటి వైపు నుంచి వచ్చి, గాజుపొడి పడ్డ బట్టలు బయటే విప్పి బకెట్లో వేసి, తల దులుపుకుని, స్నానం చేసి, అప్పుడు గానీ పిల్లల్ని ముట్టేవాడు కాదు. పిల్లలు తలుపు అవతల నిలబడి గోల, నాన్నా అయిందా, నాన్నా అయిందా అని. ఆకలితో వచ్చిన మనిషి, అలసిపోయిన మనిషి, ఒక్క రోజైనా ఫరవాలేదులే అనుకుంటాడేమో అని చూశాను. అనుకోలేదు. పసిపిల్లల చర్మం అని ఒక్క మాట అనేవాడు అంతే.

ఆయన ప్రార్థన పొద్దున పొయ్యి దగ్గర. పాలు పెట్టి, కిటికీ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మామూలుగా మాట్లాడేవాడు. ఇవాళ కుళాయిలో నీళ్ళు వచ్చినందుకు, చిన్నదానికి పన్ను నొప్పి లేకుండా ఊడినందుకు, దీని కాళ్ళవాపు తగ్గినందుకు. దీని అంటే నేను. ఎప్పుడూ ఇది కావాలి అది కావాలి అనేవాడు కాదు, జరిగినవే చెప్పేవాడు, చెప్పకపోతే దేవుడికి తెలియనట్టు. ఈ లోపల పాలు పొంగి పొయ్యి మీదికి వచ్చేవి. దేవుడు వింటాడు సరే, పాలు వినవు, చూసుకోండి అని అరిచేదాన్ని పక్కగదిలోంచి. ఉలిక్కిపడి, కళ్ళు తెరిచి, మంట తగ్గించి, మళ్ళీ కళ్ళు మూసుకుని వదిలిన చోట అందుకునేవాడు. మాడిన పాల వాసన, దాని వెనక ఆయన శ్రుతి లేని పాట. మా ఇంట్లో తెల్లవారడమంటే ఆ రెండే.

గోడ మీద ఎండ ఇంకొంచెం దిగింది. గేటు దగ్గర ఎవరో ఇద్దరు వచ్చి నాకు నమస్కారం పెట్టి, ఏమనాలో తెలియక లోపలికి వెళ్ళారు. లోపల హార్మోనియం మెట్లు ఎవరో ఊరికే నొక్కుతున్నారు. కిటికీలు తెరిచే ఉన్నాయి. ఆ కిటికీల అద్దాలన్నీ ఆయన బిగించినవే, ఆయనా మరిదీ కలిసి. మరిది అంటే ఆయన తమ్ముడు. కొట్లో పని, మా ఇంట్లో తిండి, పెళ్ళి మాటెత్తితే పారిపోవడం. వదినా, అన్నయ్య పాటకి వీధి కుక్కలు కూడా లేచి వెళ్ళిపోతున్నాయి, నువ్వెలా ఉంటున్నావు అనేవాడు. పెద్దాణ్ణి, అంటే ఇవాళ కాలరు బిగించుకుని లోపల ఉన్న మా అబ్బాయిని, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసేవాడు, నేను గుండె చేత్తో పట్టుకుని వద్దురా బాబూ అంటుంటే ఇద్దరూ కిలకిల నవ్వేవాళ్ళు. ఆ రోజు కొత్త మేడలో పై అంతస్తు కిటికీల పని. పెద్ద పలకలు, ఒకరు పట్టుకుంటే ఒకరు బిగించాలి. మందిరంలో ఆ రోజు పగలు ప్రత్యేక ప్రార్థన. నువ్వు పోయి సామాను సర్దుకో, ఈ పాటలయ్యాక వచ్చేస్తాను అన్నాడు ఈయన. వాడు సామాను సర్దుకుని ఊరుకోలేదు. అన్నయ్య వచ్చేలోపు ఒకటైనా బిగించి చూపిద్దామనుకున్నాడో ఏమో.

పై నుంచి పడ్డవాణ్ణి మా ఆసుపత్రికే తెచ్చారు. డ్యూటీలో ఉన్నాను. ఈయనకంటే ముందు నేను చూశాను. ఇంక చేయడానికి ఏమీ లేదని తెలిసిన తర్వాత కూడా వాడి చొక్కాలో చిక్కుకున్న గాజుముక్కలు ఏరుతూ కూర్చున్నాను, అన్న వచ్చి పట్టుకుంటే చేతులు కోసుకుంటాయని. పాటల పుస్తకం చేతిలోనే ఉంది, అలాగే పరుగెత్తుకుంటూ వచ్చాడు వరండాలో. నేను చెప్పాను. ఎంతమందికి చెప్పలేదు అలా, గొంతు ఏ స్థాయిలో పెట్టాలో, ఏ మాట ముందు చెప్పాలో నాకు తెలుసు, అన్నీ అలాగే చెప్పాను. ఆయన పుస్తకాన్ని నా చేతికిచ్చాడు. ఇది పట్టుకో అన్నట్టు ఇచ్చాడు, మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత ఆయన ఏ పనీ మానలేదు. కొట్టు తెరిచాడు, బిడ్డకు స్నానం చేయించాడు, నా టిఫిను డబ్బా కట్టాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పొయ్యి దగ్గర నిలబడి పాలను చూసేవాడు. కళ్ళు తెరుచుకుని, రెప్ప వేయకుండా పాలనే చూసేవాడు. ఆ రోజుల్లో మా పాలు ఒక్కసారి కూడా పొంగిపోలేదు. మందిరం రోజు వస్తే కొట్టు వెనక్కి పోయి ముక్కలు సర్దుకునేవాడు. వాళ్ళొచ్చి పిలిస్తే లేడని చెప్పించేవాడు. నమ్మకం లేనిదాన్ని కదా, ఇంట్లో నాకొక తోడు దొరికిందని అనుకోవాలి లెక్కప్రకారం. నాకు భయమేసింది. ఇంట్లో ఎవరో తిరుగుతున్నారు, ఆయన చెప్పులు వేసుకుని, ఆయన పళ్ళెంలో తిని, ఆయన వైపు పడుకుని. ఒకరోజు మేడమెట్ల మీద కూర్చుని ఉంటే పక్కన కూర్చున్నాను. "వాడు పడుతున్నప్పుడు నేను పాడుతున్నాను" అన్నాడు. అంతే అన్నాడు. కొన్ని గాయాలకు కట్టు కట్టకూడదు, గాలి తగలనివ్వాలి, ఆ మాత్రం తెలుసు నాకు. కానీ ఎన్నాళ్ళు తగలనివ్వాలో తెలియదు.

ఒక మందిరం రోజు పొద్దున ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించాను. ఎందుకన్నాడు. మందిరానికి అన్నాను.

"నువ్వు నమ్మవుగా."

"నేను నమ్మను. మీరు నమ్ముతారు. అది లేకపోతే మీరెవరో నాకు అంతు పట్టడం లేదండీ."

"వెళ్ళినా నోరు పెగలదు."

"పెగలకపోతే ఊరికే కూర్చుని రండి. నేను బయట ఉంటాను. మధ్యలో లేచి వచ్చేయాలనిపిస్తే వచ్చేయండి, ఇంటికి పోదాం."

అలా వచ్చాను ఈ బల్ల మీదికి. అప్పుడిది కొత్తది, రంగు వాసన పోలేదు. ఒళ్ళో బిడ్డ. ఆయన మెట్లెక్కాడు, ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, నేను ఉన్నానో లేదో అని. ఉన్నాను. లోపల పాట మొదలైంది, కిటికీలోంచి అందరి గొంతులూ వచ్చాయి, ఆయనది రాలేదు. అందరి శ్రుతీ కలిసింది, మొదటిసారి ఆ మందిరంలో పాట తిన్నగా ఉంది, నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ వారం తెచ్చాను. ఆపై వారం. ఆయన లోపల మౌనంగా కూర్చునేవాడు, నేను బయట మౌనంగా కూర్చునేదాన్ని, ఇద్దరం కలిసి ఇంటికి పోయేవాళ్ళం, ఎలా ఉందని నేను అడిగేదాన్ని కాదు. చాలా వారాల తర్వాత ఒకరోజు, పాట సగంలో, అన్ని గొంతుల కింద నుంచి ఒక గొంతు లేచింది. ఆలస్యంగా, ఒక అడుగు వెనకగా, పట్టాలు తప్పి. వెయ్యిమందిలో ఉన్నా గుర్తుపడతాను ఆ గొంతును. బిడ్డను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే వాడు ఏడుపు లంకించుకున్నాడు. బయటికి వచ్చాక ఆయన బిడ్డను నా చేతుల్లోంచి తీసుకుని భుజాన వేసుకున్నాడు. నడుస్తూ నడుస్తూ, ఏమీ తేలలేదు, దేవుడు నాకేమీ చెప్పలేదు, అన్నాడు. మరెందుకు పాడారన్నాను. ఎవరి మీద అలిగానో ఆయన దగ్గరికే వెళ్ళి చెప్పుకోవాలిగా, ఇంకెవరున్నారు, అన్నాడు.

తరువాత ఆయనకు నా అవసరం లేదు, ఒక్కడే వచ్చేసేవాడు. నేనే మానలేదు. అలవాటు, గాలి, వారంలో ఒకసారి ఏ పనీ లేకుండా కూర్చోవడం. తిరిగి వెళ్ళేటప్పుడు లోపల ఏం చెప్పారో ఆయన చెప్పడం, నేను వాదించడం. మీ పెద్దాయనను ఒక వారం మా వార్డులో కూర్చోమనండి, తర్వాత చెప్పమనండి అనేదాన్ని. చెబుతాను అనేవాడు, నిజంగానే చెప్పొచ్చేవాడు కూడా, ఆ పెద్దాయన వచ్చి రోగులకు పళ్ళు పంచి కళ్ళు తిరిగి పడబోతే నేనే కుర్చీ వేశాను. ఒకసారి నేనే అడిగాను, పిల్లలిద్దరూ ముందు నడుస్తున్నారు. నేను లోపలికి రావాలని మీకు ఉండదా? లేదు అంటాడనుకున్నాను, మంచిమనిషి కదా, నా మనసు నొప్పించడు కదా. "ఉంటుంది" అన్నాడు. దాపరికం లేదు. ఉంటే మరి ఎప్పుడూ అనరే అన్నాను. "నాకుంటే నిన్ను అనడమెందుకు?" అని, పిల్లలు రోడ్డు దాటబోతుంటే ఆగండ్రా అని కేకేసి, నా మోచెయ్యి పట్టుకుని నడిచాడు. అదీ నిజం. మా అబ్బాయి అన్నది అబద్ధం కాదు. ఆ కోరిక ఉంది, తీరలేదు. కానీ అది మా మధ్య గోడలా ఎప్పుడూ లేదు. భోజనం బల్ల దగ్గర మా మరిది కుర్చీ ఉండేది చూడండి, తీసేయలేదు, ఎవరినీ కూర్చోవద్దనలేదు, ఊరికే ఉండేది. అలా ఉండేది.

ఆఖరి రోజుల్లో ఆయనకు చూపు ఆనలేదు. మంచం పక్కన కూర్చుని, దేవుడి మాటలున్న ఆయన పుస్తకం నేనే చదివి వినిపించేదాన్ని. నువ్వు చదువుతుంటే మందుసీసా మీద మోతాదు చదివినట్టుంది అనేవాడు, నవ్వితే దగ్గొచ్చేది. మానేయనా అంటే వద్దు, రోగికి మోతాదే కావాలి, చదువు అనేవాడు. కొట్టు నుంచి అబ్బాయి వచ్చి గుమ్మంలో నిలబడి వినేవాడు. నేను చదవడం చూసి వాడి కళ్ళల్లో ఏదో ఆశ. తల్లి మారిందనుకున్నాడేమో. నేను ఆయన కోసం చదివాను. ఆయనకు ఆ తేడా తెలుసు, తెలిసే చెయ్యి నా మోకాలి మీద పెట్టుకుని పడుకునేవాడు. పోయింది మధ్యాహ్నం పూట, నేను పేజీ తిప్పుతుంటే. పేజీ చివర దాకా చదివేసి, అప్పుడు నాడి చూశాను.

మెట్ల మీద చప్పుడు. అబ్బాయి. బల్ల దగ్గరికి వచ్చి కూర్చోకుండా నిలబడ్డాడు. జనం వచ్చేశారమ్మా అన్నాడు. పెద్దాయన అడుగుతున్నారు, నువ్వు లోపలికి వచ్చి చెబుతావా, లేకపోతే ఇక్కడికి మైకు వేయమంటావా అని. మైకు మాట విని నవ్వొచ్చింది నాకు. వాడు నవ్వలేదు. కాలరు దగ్గర మెడ చెమటపట్టి ఉంది.

"కూర్చోరా కాసేపు."

కూర్చున్నాడు. కొట్టులో చెయ్యి కోసుకున్నట్టున్నాడు, బొటనవేలికి పట్టీ. నేను వాడికి చెప్పాను, బాబాయి పోయాక మీ నాన్న మందిరం మానేశాడని. వాడు నావైపు తిరిగాడు.

"నాన్నా? మానేయడమేంటి?"

"మానేశాడు. ప్రార్థన కూడా. పాట కూడా."

"నాకెవరూ చెప్పలేదే."

"నువ్వు చంటివాడివి. తర్వాత చెప్పే అవసరం రాలేదు."

"మళ్ళీ ఎలా వచ్చాడు?"

"నేను తీసుకొచ్చాను. నువ్వు నా ఒళ్ళో ఉన్నావు, ఈ బల్ల మీదే."

గేటులోంచి ఇంకెవరో వచ్చారు, లేచి పలకరించాల్సినవాడు లేవలేదు. బొటనవేలి పట్టీ అంచును గోటితో లేపుతున్నాడు. తీయకు, తడి తగులుతుంది అన్నాను. ఆపాడు. "అమ్మా, పొద్దున అన్న మాట..." అన్నాడు. అది నిజమేరా అన్నాను, మీ నాన్న నాతో కూడా అన్నాడు. వాడు తల అడ్డంగా ఊపాడు, అది కాదన్నట్టు. తర్వాత నేల మీదికి చూస్తూ చెప్పాడు. "నాకు నోరు పెగలడం లేదు. నాన్న పోయినప్పటి నుంచీ. పొద్దున నిలబడతాను, పెదవులు కదుపుతాను, లోపల ఏమీ ఉండదు. కొట్టు ఖాళీ చేసినట్టుంటుంది. ఇప్పుడు ఇంతమంది ముందు నిలబడి ఏం చెప్పాలి? నీకు నమ్మకం లేదని నీ మీద పడి ఏడిస్తే అదైనా కాస్త నమ్మకంలా ఉంటుందని... అందుకే అన్నాను ఆ మాట."

తండ్రి గొంతే. శ్రుతి కూడా అంతే. ఏం చెప్పాలి వీడికి? దేవుడి సంగతి నాకేం తెలుసు? వార్డులో ఆపరేషన్ అయినవాణ్ణి మొదటిసారి మంచం దింపినప్పుడు నడవగలవు అని చెప్పం. నడుస్తాడో లేదో మనకేం తెలుసు. పక్కన నిలబడతాం.

"లోపల ఎక్కడ కూర్చోవాలి?" అన్నాను.

"ఎవరు?"

"నేనేరా."

వాడు చూశాడు నావైపు. వాడి మొహంలో ఆ పాత ఆశ లేచేలోపే చెప్పాను, ఏదో అయిపోయిందనుకోకు, నువ్వు నిలబడే చోటు ఈ బల్ల మీది నుంచి కనపడదు, అంతే. లేచాను. మోకాలు పట్టేసింది, వాడి భుజం ఆసరా తీసుకున్నాను. మెట్లు నేననుకున్నదానికంటే ఎత్తు. గుమ్మంలో పెద్దాయన ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు, ఇవాళ చెప్పను, వింటానండీ అన్నాను. లోపల బయటినుంచి ఊహించుకున్నంత పెద్దది కాదు. మామూలు గది. సున్నం వాసన, పుస్తకాల వాసన, మనుషుల వాసన. ఆఖరి వరసలో మా అమ్మాయి నన్ను చూసి నోరు తెరిచి, మూసి, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని చోటిచ్చింది. దాని చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది, చల్లగా ఉంది.

అబ్బాయి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ప్రార్థిద్దాం అన్నాడు. తలలన్నీ వంగాయి, కళ్ళన్నీ మూతపడ్డాయి, వరసల వారీగా, పడుకునే ముందు వార్డులో దీపాలు ఆర్పినట్టు. నేను మూసుకోలేదు. మూసుకుంటే నాకు అక్కడ పనేమీ లేదు. మూసుకోకపోతే ఇన్ని మొహాలు కనపడ్డాయి, ముడతలు, నెరిసిన కనుబొమలు, వణికే పెదవులు, ఒకావిడ కంటి కొసన నీటి చుక్క, ఎవరి మొహమూ ఎవరికోసమూ సర్దుకుని లేదు. వీళ్ళ మధ్య ఆయన ఇలాగే ఉండేవాడన్నమాట. నేను చూడని మొహం ఆయనకు ఇక్కడొకటి ఉండేదన్నమాట. ముందు వాడు నిలబడే ఉన్నాడు. మాట రాలేదు. ఎవరో దగ్గారు. కుర్చీ ఒకటి కిర్రుమంది. పెద్దాయన ఒక కన్ను తెరవబోయి తమాయించుకున్నాడు. ఇంకా రాలేదు. అప్పుడు మా అబ్బాయి కళ్ళు తెరిచాడు. అన్ని వంగిన తలల మీదుగా వెతికి, ఆఖరి వరసలో నా కళ్ళు దొరకబుచ్చుకున్నాడు. నేను చిన్నగా తల ఊపాను. వాడి ఛాతీ ఒకసారి పైకి లేచి దిగింది.

"తండ్రీ" అన్నాడు.

ఎవరిని పిలిచాడో నాకు తెలియదు. గొంతు బొంగురుగా ఉంది, కానీ నిలిచింది. దాని వెనక ఇంకో మాట వచ్చింది, దాని వెనక ఇంకొకటి. నేను కళ్ళు తెరుచుకుని వింటున్నాను.